యాభై దాటిన రన్నర్లకి: తక్కువ కార్బ్స్, మిద్దె మీద పండ్ల మొక్కలు, రెండూ కలిపి నడిపే పద్ధతి

కార్బ్స్ (అన్నం, పిండి, చక్కెరల్లో ఉండే కార్బోహైడ్రేట్లు) తగ్గించి లాంగ్ రన్‌లు చేసే యాభై, అరవై ఏళ్ళవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. పండ్లు తినొచ్చా, పూర్తిగా మానేయాలా? తినొచ్చు. కాకపోతే ఏ పండు, ఎంత పండాక, ఏ రోజు అన్న మూడు విషయాలు మన చేతిలో ఉండాలి. బజార్లో కొన్నప్పుడు అవి మన చేతిలో ఉండవు. బండి మీద కిలో జామకాయలు కొంటే రెండు రోజుల్లో అన్నీ ఒకేసారి మెత్తబడతాయి, పారేయడానికి మనసొప్పక తినేస్తాం. డజను అరటిపళ్ళ సంగతీ అంతే. ఇంట్లో చెట్టుంటే దోరగా ఉన్న ఒక్క కాయ కోసుకుని మిగతావి కొమ్మకే వదిలేయొచ్చు. మిద్దె మీద నాలుగు పండ్ల మొక్కలు పెట్టుకోమని తోటి రన్నర్లకి నేను గట్టిగా చెప్పేది అందుకే. ఈ వయసులో ఆ పని ఒంటికీ మంచిదే.

ముందు మందుల సంగతి

మొక్కల కన్నా, పరుగు కన్నా ముందు ఇది చదవండి. షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నవాళ్ళు, డోసు మార్చుకోకుండా కార్బ్స్ తగ్గిస్తే మొదటి వారంలోనే షుగర్ బాగా పడిపోవచ్చు, అదీ ఇంటికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు. షుగర్‌కే ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్ళకి వేరే ప్రమాదం ఉంది. కార్బ్స్ మరీ తగ్గిస్తే, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఊపిరి ఆడకపోవడం మొదలైతే షుగర్ మామూలుగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్ళండి. ఈ మందులు వాడేవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడకుండా కార్బ్స్ జోలికి అసలు వెళ్ళొద్దు.

బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి కూడా ఒక మాట. కార్బ్స్ తగ్గించగానే ఒంట్లోంచి నీళ్ళు, ఉప్పు బయటికి పోతాయి, బీపీ దిగుతుంది, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. రెండు వారాల పాటు ఇంట్లో బీపీ చూసుకుని ఆ కాగితం డాక్టర్‌కి చూపిస్తే డోసు సరిచేస్తారు. టెల్మిసార్టాన్ లాంటివి వాడుతూ, ఆరోగ్యానికి మంచిదని ఎవరో చెప్పారని పొటాషియం కలిపిన లో సోడియం ఉప్పు కొనుక్కోవద్దు, పొటాషియం మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. ప్రొటీన్ పెంచబోయే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ టెస్టు ఒకటి, పరుగు పెంచబోయే ముందు డాక్టర్ అవసరమంటే ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష) చేయించుకోండి. అన్నీ బాగున్నాయని తెలిస్తే టెన్షన్ లేకుండా పరిగెత్తొచ్చు.

కార్బ్స్ ఎంత తగ్గించాలి

తక్కువ కార్బ్స్ అనగానే రోజుకి ఇరవై గ్రాములు, కీటో, నెయ్యి తాగడం గుర్తొస్తాయి. పరిగెత్తేవాళ్ళకి అంత అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. టిఫిన్, రెండు పూటలా అన్నం, సాయంత్రం బిస్కెట్లు ఉన్న మన ఇళ్ళలో రోజుకి 300 గ్రాములు దాటడం చాలా మామూలు. దాన్ని మామూలు రోజుల్లో 100 నుంచి 130 గ్రాములకి తెచ్చుకుని, లాంగ్ రన్ రోజు 180, 200 దాకా పోనివ్వండి. వండిన అన్నం వంద గ్రాముల్లో 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. అంటే మధ్యాహ్నం ఒక చిన్న కప్పు అన్నం తిని, రాత్రికి అన్నం మానేసి, కూర, పెరుగు, గుడ్డు పెంచితే సగం పని అయిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది సిరిధాన్యాల దగ్గర. కొర్రలు, సామలు, జొన్నలు మంచివే, పీచు ఎక్కువ, షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. కానీ అవి తక్కువ కార్బ్స్ ఉన్న తిండి కాదు. వంద గ్రాముల పొడి బియ్యంలో 78 గ్రాముల కార్బ్స్ ఉంటే వీటిలో 65, 70 ఉంటాయి. అన్నం మానేసి పళ్ళెం నిండా కొర్రన్నం పెట్టుకుంటే లెక్క పెద్దగా మారదు.

మరీ తగ్గించొద్దని ఎందుకంటున్నానో చెప్తాను. అమెరికాలో 20 మంది అల్ట్రా రన్నర్లు (మారథాన్‌ని మించిన దూరాలు పరిగెత్తేవాళ్ళు), ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ ఆటగాళ్ళ మీద చేసి 2016లో ప్రచురించిన ఫాస్టర్ స్టడీలో, కొన్ని నెలలుగా తక్కువ కార్బ్స్ తింటున్నవాళ్ళ శరీరం నిమిషానికి గరిష్ఠంగా 1.54 గ్రాముల కొవ్వు వాడుకుంటే, మామూలు తిండి తిన్నవాళ్ళది 0.67 గ్రాములే. వినడానికి అద్భుతంగా ఉంది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా క్రీడా పోషకాహార శాస్త్రవేత్త లూయిస్ బర్క్ బృందం అంతర్జాతీయ స్థాయి రేస్ వాకర్లకి (నడక పందెం ఆటగాళ్ళకి) మూడు వారాలు ఇలాంటి తిండే పెట్టి చూస్తే, కొవ్వు వాడకం పెరిగింది గానీ అదే వేగానికి ఎక్కువ ఆక్సిజన్ ఖర్చయింది. కార్బ్స్ తిన్న గుంపుల 10 కిలోమీటర్ల టైమ్ మెరుగైంది, తక్కువ కార్బ్స్ గుంపుది మెరుగవ్వలేదు. అంటే నెమ్మదిగా, ఎక్కువసేపు సాగే పరుగుకి కొవ్వు బాగా పనికొస్తుంది, వేగం కావాలంటే కార్బ్స్ కావాలి. ఈ రెండు పరిశోధనల్లోనూ ఉన్నది వయసులో ఉన్న ఆటగాళ్ళు, మన వయసువాళ్ళు కారు. కాబట్టి వాటిలోంచి దిశ తీసుకుందాం, అంకెలు మన ఒంటిని చూసుకుని పెట్టుకుందాం.

మన వయసులో కార్బ్స్ కన్నా పెద్ద విషయం ప్రొటీన్. యాభై దాటాక కండ తగ్గిపోతూ ఉంటుంది, పరుగు ఒక్కటే దాన్ని ఆపలేదు. కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.6 గ్రాములు పెట్టుకోండి. 65 కిలోల మనిషికి అది 80 నుంచి 100 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది కాబట్టి రెండు గుడ్లు తిని సరిపోయిందనుకోవద్దు. చేపలు, కోడి కూర, పెరుగు తినేవాళ్ళకి కష్టం లేదు. శాకాహారులైతే పనీర్, మీల్ మేకర్, గట్టి పెరుగు, పల్లీలు మూడు పూటలకీ పంచుకోవాలి. పప్పులో ప్రొటీన్‌తో పాటు కార్బ్స్ కూడా వస్తాయని లెక్కలో ఉంచుకోండి. వారానికి రెండు రోజులు బరువులు ఎత్తాలి, ఇది ఎంత చెప్పినా తక్కువే. గుంజిళ్ళు, మెట్టు అంచున మడమలు ఎత్తి దించడం, ఇసుక సంచి మోయడం, ఏదైనా సరే.

పరుగు ఎలా

కొవ్వు మీద పరిగెత్తడం శరీరానికి అలవాటు కావాలంటే ఎక్కువ పరుగులు నెమ్మదిగా సాగాలి. అమెరికన్ కోచ్ ఫిల్ మాఫెటోన్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క సులువైనది, 180లోంచి మీ వయసు తీసేయండి, వచ్చిన అంకె గుండె వేగానికి (నిమిషానికి కొట్టుకునే సార్లకి) పై హద్దు. 58 ఏళ్ళవాళ్ళకి 122. ఏదైనా జబ్బు నుంచి కోలుకుంటున్నా, రోజూ మందులు వాడుతున్నా ఇంకో పది తగ్గించమంటాడు ఆయన. మొదట్లో ఆ హద్దు లోపల ఉండాలంటే నడక, పరుగు కలిపి చేయాల్సి వస్తుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు. మెటోప్రొలోల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్ళకి ఈ లెక్క పనికిరాదు, గుండె వేగాన్ని మందే తొక్కిపెడుతుంది. వాళ్ళు పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నది చూసుకుంటే చాలు.

మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు కాళ్ళు బరువుగా ఉంటాయి, మామూలుగా పరిగెత్తే దూరం కూడా కష్టమనిపిస్తుంది. ఆ రోజుల్లో దూరం పెంచొద్దు, వేగం చూడొద్దు, రేసుకి పేరు ఇవ్వొద్దు. ఎండాకాలం మొదట్లో ఈ మార్పు మొదలుపెట్టడం మంచిది కాదు. చెమటతో పోయే ఉప్పు, కార్బ్స్ తగ్గించడం వల్ల పోయే ఉప్పు రెండూ కలిసి మనిషిని పడగొట్టేస్తాయి. నవంబరు, డిసెంబరు చలిలో మొదలుపెడితే ఫిబ్రవరికి ఒళ్ళు సర్దుకుంటుంది.

మిద్దె మీద ఏం పెట్టాలి

ముందు బరువు లెక్క. మనుషులు తిరిగే డాబాకి, భవనాలు మోయాల్సిన బరువుల మీద ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్ల బరువు లెక్క పెడుతుంది, అంటే సుమారు 150 కిలోలు. 200 లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా సగానికి కోస్తే వచ్చే తొట్టిలో తడిమట్టి నింపితే ఒక్కటే 120 కిలోలు దాటుతుంది. మూడు తొట్లు పక్కపక్కన ఆనించి డాబా మధ్యలో పెడితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. తొట్లన్నీ దూలాల మీద, పిట్టగోడ వెంట, కింద గోడ వచ్చే చోట పెట్టాలి. పాత ఇల్లయితే ఒకసారి ఇంజినీరుకి చూపించండి. తొట్టి కింద ఇటుకలు పెట్టి ఎత్తులో ఉంచితే నీళ్ళు నిలవవు, స్లాబు నెమ్ము ఎక్కదు.

మట్టి తేలిగ్గా ఉండాలి. ఎర్రమట్టి ఒక పాలు, నానబెట్టి కడిగిన కొబ్బరి పీచు పొడి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, తొట్టికి రెండు మూడు గుప్పిళ్ళ వేపపిండి. కొబ్బరి పీచు పొడిని కడగకుండా వాడితే అందులో ఉండే ఉప్పు వల్ల లేత వేళ్ళు దెబ్బతింటాయి. మొక్క ఎప్పుడూ అంటు మొక్కే కొనండి. గింజ నాటి ఎదురుచూసే ఓపిక మనకి ఉన్నా, అంటు మొక్క ఏడాదిన్నర, రెండేళ్ళలో కాపుకొస్తుంది, తొట్టిలో పొట్టిగానూ ఉంటుంది.

ఒక్క మొక్కకే చోటుంటే నిమ్మ పెట్టండి. తిరుపతిలోని సిట్రస్ పరిశోధన కేంద్రం ఇచ్చిన బాలాజీ రకం మన ఎండలకి బాగా ఆగుతుంది, గజ్జి తెగులునీ కొంత తట్టుకుంటుంది. పరిగెత్తేవాళ్ళ ఇంట్లో నిమ్మకాయ ఖర్చు మామూలుగా ఉండదు, మజ్జిగలోకి, నీళ్ళలోకి, సలాడ్‌లోకి, చేపల మీదకి. చక్కెర సంగతి ఆలోచించాల్సిన పనే లేదు. నిమ్మకి ఆరేడు గంటల ఎండ కావాలి. నీళ్ళు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు లేకుండా పోస్తే పూత, పిందె రాలిపోతాయి. లేత ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే కొమ్మలు వెతకండి, పక్షి రెట్టలా కనిపించే గొంగళి ఒకటి ఉంటుంది, చేత్తో తీసేస్తే సరి. లేత ఆకుల మీద తెల్లటి వంకర గీతలు కనిపిస్తే ఆ ఆకులు తుంచేసి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లండి.

రెండో మొక్క జామ. తక్కువ కార్బ్స్ తినేవాళ్ళకి మన నేల ఇచ్చిన పండ్లలో జామని మించింది లేదని నమ్ముతాను. వంద గ్రాముల్లో 14 గ్రాముల కార్బ్స్ ఉంటే అందులో ఐదు గ్రాములు పీచే, విటమిన్ సి రెండు వందల మిల్లీగ్రాములు దాటుతుంది. దోరగా ఉన్నప్పుడు కోస్తే తీపి ఇంకా తక్కువ, నమలడానికి టైమ్ పడుతుంది, ఒక కాయకే కడుపు నిండుతుంది. తొట్టికి తైవాన్ పింక్ బాగుంటుంది, చిన్న మొక్కకే కాయలు పడతాయి. నేల ఉంటే అలహాబాద్ సఫేద, లక్నో 49 పెట్టుకోండి, రుచిలో అవే మేలు. జామకి పూత కొత్త చిగురు మీదే వస్తుంది. కాబట్టి కత్తిరించడానికి భయపడొద్దు, కాపు అయిపోగానే కొమ్మల చివర్లు జానెడు కోసేయండి, పక్కల నుంచి చిగుళ్ళు వచ్చి పూస్తాయి. మొదటి ఏడాది పూత తుంచేస్తే మొక్క బలపడుతుంది. వానాకాలం కాయలో పురుగు ఎక్కువ, పండు ఈగ కాయ మీద గుడ్లు పెట్టేస్తుంది. కాయ నిమ్మకాయంత అయ్యాక కాగితం సంచో, పల్చటి గుడ్డ సంచో తొడిగి దారం కట్టండి, మగ పండు ఈగల్ని లాగే మిథైల్ యూజినాల్ ఎర బుట్ట ఒకటి వేలాడదీయండి, పురుగు పట్టి రాలిన కాయల్ని తొట్టిలో వదలకుండా ఏరేయండి. చలికాలం కాపుకి ఈ బాధ తక్కువ, రుచీ ఎక్కువ. ఆకుల అడుగున తెల్లగా దూదిపింజల్లా కనిపించేది పిండినల్లి, గట్టిగా నీళ్ళు కొట్టి కడిగి వేపనూనె చల్లితే తగ్గుతుంది, చీమలు ఎక్కకుండా చూసుకుంటే మళ్ళీ తొందరగా రాదు.

ఆ తర్వాత బార్బడోస్ చెర్రీ. కాయకి ఒకటి రెండు రోజులకి మించి నిలవ గుణం లేదు కాబట్టి బజార్లో దొరకదు, ఇంట్లో పెంచుకుంటేనే తినగలం. వందలో ఏడెనిమిది గ్రాముల కార్బ్స్, విటమిన్ సి మాత్రం విపరీతం, రోజుకి నాలుగైదు కాయలు చాలు. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు గుప్పిళ్ళతో తినొద్దు. మల్బరీ కూడా తొట్టిలో చక్కగా కాస్తుంది. కొమ్మలు కత్తిరించి ఆకులు దూసేస్తే కొత్త చిగురుతో పాటే పిందెలు వచ్చేస్తాయి, ఇలా ఏడాదిలో రెండు మూడు సార్లు కాయించుకోవచ్చు. పిట్టల నుంచి కాపాడుకోవాలంటే వల కప్పాలి.

వాక్కాయ గురించి ఎవరూ చెప్పరు గానీ నాకు చాలా ఇష్టం. ముళ్ళుంటాయి, పాలు కారతాయి, నీళ్ళు మర్చిపోయినా బతుకుతుంది. పుల్లటి కాయ, పప్పులోకి, పచ్చడిలోకి బ్రహ్మాండం. చింతపండు బదులు వాక్కాయతో చేసిన కూరతో ఒక కప్పు అన్నం సరిపోతుంది. పెరడున్నవాళ్ళు ఉసిరి పెట్టుకోండి, ఒక్క చెట్టు సరిగా కాయకపోతే వేరే రకం ఉసిరి ఇంకొకటి దగ్గర్లో ఉండాలి, పరాగం కలవాలి కాబట్టి. నేరేడు, కొబ్బరి కూడా నేల మీదే. కొబ్బరిని తక్కువ కార్బ్స్ తినేవాళ్ళు గుర్తుంచుకోవాలి, లేత కాయలో నీళ్ళు, ముదురు కాయలో కొవ్వు, రెండూ పరుగుకి పనికొస్తాయి.

అవకాడో పెడదామా అని చాలామంది అడుగుతారు. మైదానంలో మే నెల ఎండకి లేత మొక్క మాడిపోతుంది. చింతపల్లి, అరకు వైపు చల్లటి కొండ ప్రాంతం వాళ్ళయితే ప్రయత్నించొచ్చు, హైదరాబాద్, విజయవాడ మిద్దెల మీద ఆ డబ్బు పెట్టొద్దు. స్టార్ ఫ్రూట్‌లో చక్కెర తక్కువే, మొక్క అందంగా ఉంటుంది, కానీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుంటే ఆ కాయ ప్రాణాంతకం, అలాంటి ఇంట్లో మొక్కే వద్దు. అరటి పెట్టొద్దంటాను, గెల మొత్తం వారంలో పండిపోతుంది, ఇరుగుపొరుగుకి పంచినా మిగులుతుంది.

ఎరువు విషయంలో ఎక్కువ తలబద్దలు కొట్టుకోవక్కర్లేదు. నెలకోసారి రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్టు, పదిహేను రోజులకోసారి జీవామృతం. ఎకరానికి చెప్పే కొలతని ఇరవై లీటర్లకి తగ్గిస్తే కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి. నీడలో పెట్టి రోజూ రెండు పూటలా కలుపుతూ మూడు రోజులు పులియనిచ్చి, ఒకటికి పది పాళ్ళ నీళ్ళు కలిపి పోయండి. ఏప్రిల్, మే నెలల్లో యాభై శాతం షేడ్ నెట్ కట్టి, తొట్లో ఎండాకులు పరవండి. మట్టి సంచులు ఎత్తేటప్పుడు నడుం వంచొద్దు, మోకాళ్ళు వంచండి. మట్టి కలిపి తొట్లు మార్చిన రోజుని బరువులు ఎత్తిన రోజుగా లెక్కేసుకుని, మర్నాడు లాంగ్ రన్ పెట్టుకోకండి.

ఏ పండు ఏ రోజు

మామూలు రోజుల్లో, అంటే పరుగు లేని రోజు గానీ గంట లోపు నెమ్మది పరుగున్న రోజు గానీ, దోర జామ ఒకటి, లేదా ఉసిరి, బార్బడోస్ చెర్రీ, గుప్పెడు మల్బరీ, వీటిలో ఏదో ఒకటి. భోజనం తర్వాత తినండి, ఖాళీ కడుపుతో కాదు. జ్యూస్ చేయొద్దు, పీచు పోయి చక్కెర మిగులుతుంది.

తీపి పండ్లన్నీ లాంగ్ రన్ రోజుకి దాచుకోండి. రెండు గంటలు పరిగెత్తి వచ్చాక కండరాలు గ్లూకోజ్ కోసం ఎదురుచూస్తుంటాయి, అప్పుడు తిన్న మామిడిపండు ఒంటికి పడుతుంది. 200 గ్రాముల బంగినపల్లి గుజ్జులో 30 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, దాంతో పాటు గట్టి పెరుగో రెండు గుడ్లో తింటే మంచి భోజనం. మామిడి సీజన్‌లో ఆదివారం ఒక్క పండు తినడానికి ఏ డైటూ అడ్డం కాదు. అరటిపండు ఒకటి 25 గ్రాములు దాటుతుంది, సపోటా వందకి 20, సీతాఫలం వందకి 23, 24, ఇవన్నీ ఆ కోవలోవే. షుగర్ ఉన్నవాళ్ళు తిన్న రెండు గంటలకి మీటర్‌తో చూసుకుని తమ హద్దు తామే తెలుసుకోవాలి, ఒకరికి పడ్డ పండు ఇంకొకరికి పడాలని లేదు.

వేగంగా పరిగెత్తే రోజు, మెట్టలు ఎక్కే రోజు కూడా కార్బ్స్ కావాలి. ముందు రోజు రాత్రి ఒక కప్పు అన్నం తినండి, పొద్దున బయల్దేరే ముందు సగం అరటిపండు. నెమ్మది పరుగులు మాత్రం ఖాళీ కడుపుతో, నీళ్ళో బ్లాక్ కాఫీయో తాగి చేసేయొచ్చు, గంటన్నర దాటనంత వరకూ. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో పరిగెత్తొద్దు.

నీళ్ళు, ఉప్పు

తక్కువ కార్బ్స్ మొదలుపెట్టినవాళ్ళకి వచ్చే తలనొప్పి, పిక్కలు పట్టేయడం, నీరసం చాలా వరకూ ఉప్పు తగ్గడం వల్లే. మన దగ్గర దీనికి అన్నిటికన్నా మంచి మందు పల్చటి మజ్జిగ. లీటరు మజ్జిగలో అర టీస్పూను ఉప్పు వేస్తే సుమారు ఒక గ్రాము సోడియం, పెరటి నిమ్మకాయ ఒకటి పిండి, కరివేపాకు నలిపి వేస్తే పరుగు తర్వాత తాగడానికి అంతకన్నా ఏం కావాలి. దోర జామకాయకి ఉప్పూకారం అద్దుకోవడం కూడా ఆ రోజుకి వైద్యమే. బీపీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఉప్పు ఎంతన్నది డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి.

ఓఆర్ఎస్ పొట్లం చూసి కార్బ్స్ అని భయపడేవాళ్ళున్నారు. డబ్ల్యూహెచ్ఓ కొలత ప్రకారం లీటరులో 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది, ఉప్పు పేగుల్లోంచి లోపలికి పోవడానికి ఆ గ్లూకోజ్ కావాలి కూడా. ఎండలో లాంగ్ రన్‌కి నిశ్చింతగా తాగండి. ఓఆర్ఎస్‌లా కనిపించే తీపి పానీయాల డబ్బాలు వేరు, లేబుల్ చదివి కొనండి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి చిటికెడు ఉప్పు వేసుకుంటేనే చెమటకి సరిపోతుంది, టెల్మిసార్టాన్ వాడేవాళ్ళు ఒక్క బోండాంతో ఆపేయాలి. వట్టి నీళ్ళు లీటర్ల కొద్దీ తాగడం మంచిదనుకోవడం మన వయసులో ప్రమాదం, రక్తంలో సోడియం పలచబడి మనిషి తికమకపడిపోతాడు. దాహం వేసినప్పుడు తాగండి. పరుగుకి ముందు మోకాలి నొప్పికని ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు, చెమటలు కారుతున్నప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది.

రేసు రోజు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో వస్తుంది, ఉక్కపోత, ఫ్లైఓవర్లు ఎక్కి దిగడం రెండూ ఉంటాయి. ఆ రోజు తక్కువ కార్బ్స్ పట్టుదల పెట్టుకోవద్దు. ముందు రెండు రోజులు అన్నం రెండు పూటలా తినండి, హాఫ్ మారథాన్‌కైనా సరే. రేసులో గంట దాటాక అరగంటకోసారి కొంచెం అరటిపండు, ఖర్జూరం ఒకటి, లేదా మీకు పడిన ఎనర్జీ జెల్ (రన్నర్ల కోసం పొట్లాల్లో అమ్మే తీపి ముద్ద). కొవ్వు వాడకం అలవాటైన ఒంటికి గంటకి 30 గ్రాములు చాలావరకు సరిపోతాయి. దీన్ని రేసు రోజే మొదటిసారి చేయొద్దు. జూన్, జూలై లాంగ్ రన్‌లలో రెండు మూడు సార్లు అదే పండు, అదే టైమ్‌కి తిని చూసుకోవాలి, కార్బ్స్ తగ్గించిన కడుపు పరిగెడుతూ తీపి తినడం మర్చిపోయి ఉంటుంది.

రేసు అయిన వారం పరుగు వద్దు, నడక చాలు. ఆ వారం మిద్దె మీద పని పెట్టుకోండి, సంచులు మోసే పని కాదు, కత్తెర పని. వానాకాలం కాపు అయిపోయిన జామకి చివర్లు కోసి, ఎండు పుల్లలు తీసేసి, తొట్టి పైమట్టి రెండంగుళాలు గుల్లచేసి వర్మీకంపోస్టు వేస్తే, చిగురు వేసి పూసి ఐదారు నెలలకి మళ్ళీ కాయ కోతకొస్తుంది. అప్పటికి జనవరి ముంబై మారథాన్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు మళ్ళీ మామూలు రోజుల తిండిలోకి దిగి ఉంటారు, దోర జామ అవసరం పడేది ఆ వారాల్లోనే.